నవంబర్ 1 ఎరిట్రియా ప్రార్థన సాయంత్రం: హాలు విషయం, అందరూ చూడండి

జ్యోతి (అక్టోబర్ 20, రాత్రి 9:40)
అందరికీ వందనాలు. ఆఫ్రికాలోని ఎరిట్రియాలో విశ్వాసం వల్ల ఖైదులో ఉన్న క్రైస్తవుల కోసం పెట్టుకున్న ప్రార్థనకు ఇంకా 12 రోజులే ఉంది. శుక్రవారం లోపు హాలుకు మిగతా 360 పౌండ్లు కట్టాలి. కానుక ఇప్పటికి 215 వచ్చింది. పనులు మళ్లీ రాస్తున్నాను, ఎవరిది వాళ్లు ఖాయం చేయండి. సౌండ్ సంపత్. ఫేస్‌బుక్ లైవ్ కిరణ్. 150 మందికి బిర్యానీ రత్నం ఆంటీ వాళ్లు. ఆ ఖైదీల గురించి ఇక్కడి బ్రిటన్ ఎంపీలకు ఉత్తరాలు డేవిడ్ అన్న. అక్కడ ఖైదీలను పెట్టే షిప్పింగ్ కంటైనర్ లాంటిది అట్టపెట్టెలతో కట్టడం యూత్. పోస్టర్ ఈ రాత్రే అందరికీ, హాలు వాళ్లకీ పంపిస్తున్నాను.

సంపత్ (రాత్రి 9:52)
ఓకే అక్కా. రెండు మైకులు తెస్తాను. మూడోది గరగరలాడుతోంది.

డేవిడ్ (రాత్రి 10:30)
ఉత్తరం నమూనా రెడీ. విషయం క్లుప్తంగా: 2002 మేలో ఎరిట్రియా ప్రభుత్వం ఆర్థడాక్స్, కాథలిక్, లూథరన్ సంఘాలకు, సున్నీ ఇస్లాంకు తప్ప మిగతా అందరి ప్రార్థనా స్థలాలూ మూసేయించింది. పాస్టర్లు హైలే నైజ్గి, కిఫ్లు గెబ్రెమెస్కెల్ గార్లను 2004 మే 23న పట్టుకెళ్లారు. కేసు లేదు, విచారణ లేదు, ఇప్పటికీ వదల్లేదు. గుర్తింపు ఉన్న సంఘానికీ తిప్పలు తప్పలేదు. ఆర్థడాక్స్ పాట్రియార్క్ (ఆ సంఘానికి పెద్ద) అబునె ఆంటోనియోస్ ఖైదీలను వదలమని అడిగినందుకు పదవి పోగొట్టుకుని, 2022 ఫిబ్రవరిలో నిర్బంధంలోనే కన్నుమూశారు.
ఉత్తరంలో ఈ పేర్లు, తేదీలు తీసేయకండి. ఊరికే "క్రైస్తవులకు కష్టాలు" అని రాస్తే ఊరికే జవాబు వస్తుంది. మీ ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ తప్పనిసరిగా రాయండి. తమ నియోజకవర్గం వాళ్లవి కాకపోతే ఎంపీలు పట్టించుకోరు.

అనూష (రాత్రి 11:15)
అన్నా, మేము స్టూడెంట్ వీసా మీద ఉన్నాం కదా, రాస్తే ఏమైనా ఇబ్బందా? మా రూంలో ముగ్గురికీ అదే టెన్షన్.

డేవిడ్ (రాత్రి 11:21)
భయపడకమ్మా. ఇక్కడ నివసించే ఎవరైనా తమ ఎంపీకి రాయొచ్చు, పౌరసత్వం అక్కర్లేదు. పార్లమెంటు పిటిషన్ మీద కూడా సంతకం పెట్టొచ్చు. 10 వేల సంతకాలు దాటితే ప్రభుత్వం జవాబిస్తుంది, లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. మనం ఇండియా వాళ్లం, అంటే కామన్‌వెల్త్ పౌరులం, ఈ దేశంలో మనకు ఓటు కూడా ఉంది. ఆ సంగతి చాలామందికి తెలీదు.

జ్యోతి (అక్టోబర్ 22, మధ్యాహ్నం 1:05)
హాలు పోయింది. పోస్టర్‌లో "ఎంపీకి ఉత్తరాలు" అని చూసి, రాజకీయ ప్రచారానికి హాలు ఇవ్వమని మెయిల్ పెట్టారు. ఆఫీసు మెట్ల మీద నిలబడి 40 నిమిషాలు ఫోన్‌లో బతిమాలాను. డిపాజిట్ 250 నెల రోజుల్లో వెనక్కి ఇస్తారట.

ప్రభాకర్ (మధ్యాహ్నం 1:20)
నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను. ప్రార్థనను ప్రార్థనగా పెట్టుకుందాం. పోస్టర్‌లో ఆ ఒక్క లైన్ తీసేసి మళ్లీ అడగండి, ఇస్తారు. 150 మందిని పిలిచి ఇప్పుడు ఏం చెప్తాం?

డేవిడ్ (మధ్యాహ్నం 1:26)
ప్రభాకర్ గారూ, పెద్దవారు, కానీ ఇది ఒప్పుకోలేను. మొర్దెకై ఎస్తేరుకు ఇంట్లో కూర్చుని ప్రార్థించమనే కబురు పంపాడా? రాజు దగ్గరికి వెళ్లమన్నాడు.

ప్రభాకర్ (మధ్యాహ్నం 1:31)
మూడు రోజులు ఉపవాసం ఉన్నాకే వెళ్లింది. అది కూడా చదవండి.

సంపత్ (మధ్యాహ్నం 1:40)
పోయిన క్రిస్మస్‌కీ ఇలాగే డిపాజిట్ ఇరుక్కుంది. ఒకరే అన్నీ మాట్లాడితే ఇంతే.

జ్యోతి (మధ్యాహ్నం 1:44)
అయితే నువ్వే మాట్లాడు సంపత్. నంబర్ పంపిస్తాను. నాకు ఇంక ఓపిక లేదు.

రత్నం (సాయంత్రం 5:10)
బిడ్డలూ, కాసేపు ఫోన్లు పక్కన పెట్టండి. జ్యోతీ, నువ్వు తిన్నావా? మాంసం ఆర్డర్ ఆపమని చెప్పేశాను.

కిరణ్ (అక్టోబర్ 23, ఉదయం 6:50)
నాతో నైట్ షిఫ్ట్ చేసే ఎరిట్రియా బ్రదర్‌కి రాత్రి విషయం చెప్పాను. వాళ్ల సంఘానికి ఒక షాపు మేడ మీద గది ఉంది. శనివారం 3 నుంచి 6 దాకా రమ్మన్నారు. 60 కుర్చీలు పడతాయి. డబ్బు మాట ఎత్తనివ్వలేదు. ఒక్కటే అడిగారు: ఫోటోలు వద్దు, లైవ్ అసలే వద్దు. ఇక్కడ ముఖం కనిపిస్తే అక్కడ ఊళ్లో అమ్మానాన్నల్ని పిలిపించి అడుగుతారని వాళ్ల భయం. నేను మాటిచ్చాను.

స్నేహ (ఉదయం 8:05)
అన్నా, మా కంటైనర్ మేడ మీదికి ఎక్కదు. బదులుగా నేల మీద టేప్‌తో 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గీస్తాం. అందరం అందులో ఇరుక్కుని నిలబడి ప్రార్థిద్దాం. సువార్త గాయని హెలెన్ బెర్హానెను 2004లో అరెస్టు చేసి షిప్పింగ్ కంటైనర్‌లో పెట్టారు కదా, 2006లో గానీ వదల్లేదు. అది మనకూ కొంచెం అర్థం కావాలి.

కిరణ్ (అక్టోబర్ 24, రాత్రి 8:30)
స్నేహా, టేప్ వద్దమ్మా. సాయంత్రం గది చూడ్డానికి వెళ్లాను. ఒక అక్క చిన్న పెనం మీద కాఫీ గింజలు వేయిస్తోంది. టేప్ సంగతి చెప్పగానే పెనం దించేసింది. వాళ్లలో ఇద్దరు అలాంటి కంటైనర్లలో ఉండి వచ్చినవాళ్లేనట, ఒకరు ఆవిడే. పగలు ఇనుము కాలిపోయేదట, రాత్రి అదే ఇనుము వణికించేదట. ఆ గది తలుపుకు గొళ్లెం ఉంది గానీ ఎప్పుడూ వేయరు. లోపలున్నంతసేపూ తలుపుకు అడ్డంగా ఒక చెప్పు పెట్టి ఉంచుతారు. నేను చూశాను.

స్నేహ (రాత్రి 8:41)
సారీ అన్నా. మాకు తట్టలేదు. ఆ అక్కకు మా తరఫున చెప్పండి.

కిరణ్ (రాత్రి 8:44)
ఆవిడ ఏమీ అనుకోలేదు. పిల్లలు వస్తారా అని అడిగింది.

ప్రభాకర్ (రాత్రి 9:30)
డేవిడ్, నా ఉత్తరం నువ్వే టైపు చేసి పెట్టు. పోస్ట్‌కోడ్ పంపిస్తున్నాను. మా ఇంట్లో రెండోది కూడా, అమ్మగారి పేరు మీద. శుక్రవారం ఉపవాసం మా ఇంట్లో, రాగలిగినవాళ్లు రండి.

డేవిడ్ (రాత్రి 9:34)
అలాగే అన్నయ్యగారూ. నేనూ ఉపవాసానికి వస్తాను. మొన్న గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి.

జ్యోతి (రాత్రి 10:02)
60 కుర్చీల్లో సగం వాళ్లవే అనుకోండి. మనవాళ్లు 30 మంది వెళ్దాం. మిగతావాళ్లు అదే సమయానికి రత్నం ఆంటీ ఇంట్లో, ప్రభాకర్ గారింట్లో, మా ఇంట్లో కూడుకుందాం. ఉత్తరాలు నాలుగు చోట్లా రాద్దాం. సంపత్, మైకులు అక్కర్లేదు. నా పక్కన ఉండి ఇళ్ల లిస్టు చూసుకో చాలు. 215తో పాటు డిపాజిట్ వచ్చాక అదీ వాళ్లకే ఇద్దామా? ఆశ్రయం కేసుల కోసం లాయర్ల దగ్గరికి, ఇంటర్వ్యూలకి తిరగడానికి బస్సు చార్జీలకే కష్టంగా ఉందట.

సంపత్ (రాత్రి 10:05)
ఇద్దాం అక్కా. లిస్టు పంపు.

కిరణ్ (అక్టోబర్ 26, మధ్యాహ్నం 2:15)
ఆ కాఫీ గింజలు వేయించిన అక్క వాయిస్ మెసేజ్ పంపింది, కింద పెట్టాను. ఆ ఇద్దరు పాస్టర్ల పేర్లు ఎలా పలకాలో నిదానంగా మూడుసార్లు చెప్పింది. ప్రార్థనలో తప్పు పలకకూడదని. గెబ్రెమెస్కెల్ అంటే సిలువ దాసుడు అని అర్థమట. పిల్లలకు వినిపించండి.

రత్నం (సాయంత్రం 6:40)
నేను పులిహోర ఒక గిన్నె తెస్తాను, మిగతా వంట వాళ్లే చేస్తామన్నారట. మా మనవడు భోజనం దగ్గర్నుంచీ "గెబ్రె, గెబ్రె" అని ఆగిపోతున్నాడు. ఇప్పుడే మొత్తం అన్నాడు.