సీడీలో ఫైళ్లు మాయమైతే తప్పు డిస్కుదా, రాసినవాడిదా?

లంకవాసి:
మాది రాజోలు దగ్గర లంక. మా నాన్నగారు పద్యనాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. 1995లో మా ఊరి నాటకాన్ని టేప్‌రికార్డర్‌లో పట్టిన గంట క్యాసెట్లు ఐదు ఉండేవి. 2006లో పాలకొల్లులో ఒక షాపులో వాటిని ఎంపీత్రీలు చేయించి సీడీ కొట్టించాం. 2008లో ఇంకా ఖాళీ ఉంది కదా అని చెల్లి పెళ్లి ఫోటోలు కూడా అదే షాపులో అందులోనే ఎక్కించాం. మొన్న తీసి పెడితే ఫోటోలు మాత్రమే ఉన్నాయి. నాటకం పేరు కూడా కనబడట్లేదు. ఇది షాపువాడి నిర్వాకమే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

చెమ్మగాలి:
కాదనేవాణ్ణి నేనున్నానండి. మన కోనసీమ చెమ్మకి తలుపులే ఉబ్బిపోతాయి, సీడీ ఒక లెక్కా? బెలీజ్ అనే దేశంలో బూజు సీడీలోకి దూరి లోపలి లోహపు పూతనే తినేసిందని 2001లో బయటపడింది. అదీ మనలాంటి ఉక్కపోత దేశమే.

కొబ్బరాకు:
ముందు సీడీ డ్రైవ్ ఎక్కడ దొరికిందో చెప్పండి బాబూ, మేమూ పెట్టుకోవాలి.

పాత షాపు:
రావులపాలెంలో పన్నెండేళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెబుతున్నాను. డిస్కు పాడైతే ఫైళ్ల పేర్లు కనబడతాయి, కాపీ చేయబోతే మధ్యలో ఆగి, చదవలేకపోతున్నానని కంప్యూటర్ సైక్లిక్ రిడండెన్సీ చెక్ అని తిడుతుంది. మీకు పేర్లే లేవు, ఫోటోలు శుభ్రంగా తెరుచుకుంటున్నాయి. అంటే ఇది సెషన్ వ్యవహారం. సీడీ మీద ఒక్కో విడత రాతని సెషన్ అంటారు. ఒకే సీడీలో రెండోసారి రాసేటప్పుడు పాత సెషన్ జాబితాను కొత్తదానిలోకి తెచ్చుకోవాలి. తెచ్చుకోకపోతే కంప్యూటర్ చివరి జాబితానే చదువుతుంది. పాతవి చెరిగిపోవు, కనబడవంతే. సీడీ-ఆర్‌లో (చెరిపి మళ్లీ రాయలేని రకం) లేజరుతో ఒకసారి కాలిన చోటు మళ్లీ ఖాళీ అవ్వదు.

చెమ్మగాలి:
మీరు షాపువాళ్లు కాబట్టి సెషన్ అంటారు. 2022 జూలై వరదకి మా ఇంట్లో నడుము లోతు నీళ్లు. అటక మీద పెట్టిన మా అబ్బాయి బారసాల డీవీడీ నీరు తగలకుండానే పోయింది. దానికేం సెషనండి?

పాత షాపు:
మీ డీవీడీ సంగతి వేరే. దాని పేర్లు కనబడుతున్నాయా లేదా?

చెమ్మగాలి:
పేర్ల గొడవ ఎందుకండి, పోయిందంటుంటే.

పాత షాపు:
లంకవాసి గారూ, ఆయన్ని వదిలేయండి. సీడీ వెనక్కి తిప్పి ట్యూబ్‌లైటు కింద ఏటవాలుగా పట్టుకోండి. రాత నడిమి నుంచి అంచుకు పోతుంది, కాలిన మేర రంగు కొంచెం తేడాగా ఉంటుంది. 128 కేబీపీఎస్ నాణ్యతలో చేసిన ఎంపీత్రీ గంటకు 58 ఎంబీ దాకా అవుతుంది. ఐదు గంటలంటే 290 ఎంబీ. 700 ఎంబీ డిస్కులో అది రాసే మేర వెడల్పులో సగం దాకా వస్తుంది. ఆ తర్వాత సన్నటి గీత, దాని అవతల ఫోటోల పట్టీ. చూసి చెప్పండి.

లంకవాసి:
చూశాను. సగం దాకా ముదురు రంగు, తర్వాత వెంట్రుక లాంటి గీత, దాని పక్కన సన్నటి పట్టీ. ఉన్నాయన్నమాట! అంటే షాపువాడి తప్పేనని మీరే ఒప్పుకున్నట్టు.

పాత షాపు:
నేనెప్పుడు ఒప్పుకున్నాను? అప్పట్లో పరిస్థితి మీకు తెలియదు. రోజుకు రెండు విడతలు కరెంటు కోత, ముహూర్తాల రోజుల్లో షాపు నిండా జనం. రాసిన తర్వాత సరిగా పడిందో లేదో చూసే వెరిఫై పెడితే ఒక్కో సీడీకి ఇంకో మూడు నాలుగు నిమిషాలు. "ఇంకా ఎంతసేపండీ" అని మా నెత్తిన కూర్చునేది మీరే.

లంకవాసి:
జనం ఎక్కువైతే మా నాన్న గొంతు పోగొడతారా? డబ్బులు తీసుకోలేదా?

పాత షాపు:
డిస్కుతో కలిపి యాభై రూపాయల పనికి ఇరవై ఏళ్ల గ్యారంటీ కావాలా మీకు? మా హార్డ్‌డిస్క్ 40 జీబీ. ప్రతి ఆదివారం ఊడ్చేసేవాళ్లం. ఒకటే కాపీ పెట్టుకుని ఏళ్ల తరబడి తెరిచి చూడకపోవడం ఎవరి తప్పు? అసలు క్యాసెట్లేవి?

గోదారి గట్టు:
క్లౌడ్‌లో పెట్టుకోవాల్సింది.

కొబ్బరాకు:
2006లోనా సార్? అప్పుడు క్లౌడ్ అంటే తుపానే.

లంకవాసి:
క్యాసెట్లు అడిగారు కదా, చెబుతాను. "సీడీ అయితే వందేళ్లు ఉంటుందండి, ఇంక క్యాసెట్లెందుకు, బూజు పట్టుకుని" అన్నాడు ఆ షాపులో కుర్రాడు. మా అన్నయ్య నమ్మాడు. పాత సామాన్లవాడికి ఇత్తడి చెంబుతో పాటు వేసేశాడు. నాన్నగారు ఏమీ అనలేదు, ఆ పూట అన్నం తినలేదు. నా కోపం సెషన్ మీద కాదండి, ఆ మాట మీద. మీరూ మీ షాపులో అలాగే చెప్పేవారా లేదా?

పాత షాపు:
చెప్పేవాళ్లం. అందరూ చెప్పేవాళ్లు. డబ్బా మీద అలాగే రాసుండేది.

చెమ్మగాలి:
డబ్బా మీద రాసింది కోనసీమ కోసం కాదు కదండి!

పాత షాపు:
ఐసోబస్టర్ అని ఒక ప్రోగ్రాం ఉంది, దించుకోండి. డిస్కులో ఉన్న సెషన్లన్నీ విడివిడిగా చూపిస్తుంది. మొదటి సెషన్ మీద రైట్ క్లిక్ చేసి ఫైళ్లను కంప్యూటర్‌లోకి లాగండి. దయచేసి ఆ సీడీని చొక్కాతో గుండ్రంగా తుడవకండి. తుడవాల్సి వస్తే మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకు నేరుగా.

(మర్నాడు)

లంకవాసి:
మొదటి సెషన్ దొరికింది. క్యాసెట్‌కి రెండు వైపుల చొప్పున పది ఫైళ్లు. ఎనిమిది వచ్చేశాయి. రాయబారం సీనులో వన్స్‌మోర్ అని జనం అరిచిన అరుపులతో సహా. నాన్నగారు రాగం తీసి ఊపిరి కోసం ఆగితే వెనక హార్మోనియం ఒక్కటే మోగుతుంది, అది కూడా ఉంది. మిగతా రెండు ఫైళ్లు మధ్యలో ఆగిపోతున్నాయి, మీరన్న సైక్లిక్ తిట్టుతో.

చెమ్మగాలి:
నేనేం చెప్పాను!

పాత షాపు:
బొమ్మ వైపు ఏమైనా రాశారా దాని మీద?

లంకవాసి:
"నాన్న నాటకం 1995" అని.

పాత షాపు:
దేంతో?

లంకవాసి:
బాల్‌పెన్నుతో. ఒత్తి రాశాను, సరిగా పడక.

పాత షాపు:
సీడీకి కింద వైపు మందంగా ప్లాస్టిక్ ఉంటుంది. పై వైపు లోహపు పూత మీద పల్చటి వార్నిషే. డీవీడీకైతే పూత రెండు పలకల మధ్య ఉంటుంది కాబట్టి కాస్త నయం. లైటుకి అడ్డం పట్టి చూడండి.

లంకవాసి:
చూశాను. "నాటకం"లో ట దగ్గర, 9 దగ్గర సూది బెజ్జాల్లా వెలుతురు కనబడుతోంది.

కొబ్బరాకు:
అయితే తప్పు డిస్కుదీ కాదు, షాపుదీ కాదు...

లంకవాసి:
మీరు ఆగండి. పెన్ను నాదే, ఒప్పుకుంటాను. ఎనిమిది ఫైళ్లు ఇన్నేళ్లు కనబడకుండా పోవడం షాపుదే.

పాత షాపు:
ఆ రెండూ వేరే డ్రైవ్‌లో వేసి చూడండి. ఒకటి చదవలేనిది ఇంకోటి చదువుతుంది. బెజ్జం పడ్డ ముక్క రాదు గాని, దాని ముందూ వెనకా కొంత రావచ్చు. నా దగ్గర పాత డ్రైవులు మూడున్నాయి, ఇంకా పనిచేస్తున్నాయి. ఆదివారం రావులపాలెం వస్తే చూద్దాం. డబ్బులేం వద్దు.

లంకవాసి:
వస్తాను. కానీ క్యాసెట్లు పారేయమని చెప్పడం తప్పని ముందు ఒప్పుకోండి.

పాత షాపు:
ఒప్పుకోను. పదింటికల్లా రండి, తర్వాత కరెంటు ఉండదు.