మన్మోహన్ సింగ్ గారు లైసెన్స్ రాజ్‌లోనే ఇరవై ఏళ్లు పనిచేశారు కదా, మరి 91లో అంత మార్పు ఎలా?

గ్రూప్స్_ప్రిపరేషన్_ఖని:
అందరికీ నమస్తే. గ్రూప్స్‌కి చదువుతున్నా, మన్మోహన్ గారు ఆర్థిక మంత్రిగా తెచ్చిన 1991 సంస్కరణల దగ్గర ఒక డౌట్ వచ్చి నిన్నటి నుంచి బుర్ర తినేస్తోంది. ఆయన 1972లోనే ఫైనాన్స్‌లో చీఫ్ ఎకనమిక్ అడ్వైజర్, 82 నుంచి 85 దాకా ఆర్‌బీఐ గవర్నర్, ఆ తర్వాత ప్లానింగ్ కమిషన్ డిప్యూటీ ఛైర్మన్. అంటే పరిశ్రమ పెట్టాలంటే సర్కారు లైసెన్సు కావాల్సిన ఆ పాత పద్ధతి నడిచినన్నాళ్లూ లోపలే ఉన్నారు, మరి అదే మనిషి దాన్ని ఎలా పడగొట్టారు? అప్పటిదాకా తెలీదా, తెలిసీ ఊరుకున్నారా? మా నాన్నేమో చేసిందంతా ప్రధాని పీవీ గారే, ఈయన సంతకం పెట్టారంతే అంటారు.

రిటైర్డ్_బ్యాంకు_మనిషి:
తెలీకపోవడం కాదమ్మా. 1962లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన చేసిన డాక్టరేటే మన ఎగుమతుల మీద, ఎగుమతుల విషయంలో మనకి అంత నిరాశ అక్కర్లేదని అప్పుడే రాశారు. కానీ ఆఫీసర్ సలహా ఇస్తాడు, వినేదీ విననిదీ మంత్రి ఇష్టం.

నేనప్పుడు బ్యాంకులో ఫారిన్ ఎక్స్ఛేంజ్ సీట్లో ఉన్నా. దేశం దగ్గర డాలర్లు అడుగంటిపోతుంటే 91 జులై 1 సోమవారం రూపాయి విలువ తగ్గించారు, మళ్లీ బుధవారం 3న ఇంకోసారి. బోర్డు మీద చాక్‌పీస్‌తో రాసిన డాలర్ రేటు మూడు రోజుల్లో రెండుసార్లు తుడిచి రాశా, 21 దగ్గరున్నది దాదాపు 26కి పోయింది, కౌంటర్ దగ్గర అందరూ నా చెయ్యే చూస్తున్నారు. రెండోసారికి పీవీ గారు వెనకాడి ఆపమన్నారట, ఈయన రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నర్ రంగరాజన్ గారికి ఫోన్ చేసేసరికి అప్పటికే అయిపోయింది. అదే నెలలో 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ బ్యాంకుల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది, ఇంట్లో పుస్తెలు తాకట్టు పెట్టినంత బాధపడ్డాం ఆ రోజుల్లో.

మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది. జూన్ 21న ప్రమాణం చేసేటప్పటికి వాళ్లిద్దరిలో ఒక్కరూ ఎంపీ కాదు! పీవీ గారు ఆ ఎన్నికల్లో నిలబడనేలేదు, నవంబర్‌లో నంద్యాల నుంచి గెలిచారు. ఈయన అక్టోబర్‌లో అస్సాం నుంచి రాజ్యసభకి వచ్చారు. పరిశ్రమల శాఖ పీవీ గారు తన దగ్గరే పెట్టుకున్నారు, లైసెన్సులు ఎత్తేసిన పాలసీ జులై 24న బడ్జెట్ రోజే సభ ముందు పెట్టేశారు. తిట్లు పడకుండా అడ్డం నిలబడింది పీవీ గారు, ఏ స్క్రూ ఎంత తిప్పాలో తెలిసింది ఈయనకి. ఇద్దర్లో ఎవరు లేకపోయినా అయ్యేది కాదని నా నమ్మకం.

నర్పల_కుర్రాడు:
అంకుల్ బాగా చెప్పారు కానీ ఎప్పుడూ 91 ఒక్కటేనా? ఉపాధి హామీ మొదలైంది మా మండలంలోనే, బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, ఆయనా సోనియా గాంధీ గారూ వచ్చారు, నేనప్పుడు ఎనిమిదో క్లాసు. మా ఊర్లో దాన్ని ఇప్పటికీ కరువు పని అనే అంటారు. మా అమ్మ జాబ్ కార్డు రేషన్ కార్డుతో కలిపి పాలిథిన్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో దాస్తుంది, ఎండాకాలం బెంగళూరు వలస పోకుండా మమ్మల్ని చదివించింది ఆ డబ్బులే. మార్కెట్లు తెరిచిన మనిషే వంద రోజుల పని చట్టం కూడా తెచ్చాడంటే నాకు చాలా గౌరవం.

బెజవాడ_99:
గౌరవం నాకూ ఉంది బ్రో, మనిషి నిజాయితీ మీద ఎవరూ వేలు పెట్టలేరు. కానీ రాజకీయ నాయకుడిగా నిలబడలేదనేదే నా బాధ. 1999లో సౌత్ ఢిల్లీలో దాదాపు 30 వేల ఓట్లతో ఓడిపోయి మళ్లీ లోక్‌సభకి పోటీ చెయ్యలేదు, పదేళ్లు ప్రధానిగా రాజ్యసభ నుంచే ఉన్నారు. సొంత ఓట్లు లేవు కాబట్టే 2జీ స్పెక్ట్రమ్, బొగ్గు గనుల కేటాయింపు గొడవల్లో మంత్రుల్ని గట్టిగా అడగలేకపోయారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆంధ్రాకి అయిదేళ్లు ప్రత్యేక హోదా అని ఆయనే చెప్పారు, కానీ చట్టంలో రాయలేదు, అది నోటిమాటగానే మిగిలిపోయింది. అంత చదువుకున్న మనిషికి కాగితం విలువ తెలీదా అని ఇప్పటికీ మనసు మండుతుంది.

రిటైర్డ్_బ్యాంకు_మనిషి:
ఆ మాట కాదనను బాబూ, పీవీ గారు ఈయనకి అడ్డం నిలబడ్డట్టు 2004 తర్వాత ఈయనకి ఎవరూ నిలబడలేదు. కానీ అసలు గట్టిదనం లేదంటే ఒప్పుకోను, అమెరికాతో అణు ఒప్పందం కోసం లెఫ్ట్ వాళ్లు మద్దతు తీసేసినా వెనక్కి తగ్గకుండా 2008 జులైలో విశ్వాస పరీక్షకి వెళ్లి 275-256తో గెలిచారు.

గ్రూప్స్_ప్రిపరేషన్_ఖని:
అందరికీ చాలా థాంక్స్, ఇద్దరూ ఎంపీలు కాదన్నది నాకు అస్సలు తెలీదు, నాన్నకి ఇందాకే చదివి వినిపించా. అంకుల్, ఎరువుల ధర విషయంలో ఆ బడ్జెట్‌నే మార్చాల్సి వచ్చిందంటారు, అదేంటి?

రిటైర్డ్_బ్యాంకు_మనిషి:
ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు తల్లీ, సొంత కాంగ్రెస్ ఎంపీలే తిరగబడ్డారు. ఆగస్టులో 30కి తగ్గించి, చిన్న రైతులకి పెంపు లేకుండా చేశారు. ఆయన లెక్క పార్లమెంటు దాకా వచ్చి మారడం మంత్రిగా అదే మొదలు, దాన్ని కూడా నోట్స్‌లో రాసుకో.