జైరాం రమేశ్ పర్యావరణ మంత్రిగా ఆపింది ఎంత, సంతకం పెట్టింది ఎంత?

హన్మకొండ చౌరస్తా: కేంద్రంలో పర్యావరణ మంత్రి అని ఒకాయన ఉంటాడని జనానికి తెలిసిందే జైరాం రమేశ్ వచ్చాక. 2009 మే నుంచి 2011 జులై దాకా, అంతే. ఆ కాస్త కాలంలోనే ఒడిశా నియమగిరిలో వేదాంత కంపెనీ బాక్సైట్ తవ్వకం ఆపాడు, పర్యావరణ కేసులు వినే గ్రీన్ ట్రైబ్యునల్ చట్టం తెచ్చాడు, పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయను నిషేధించాడు. తర్వాత కేబినెట్ హోదా ఇచ్చి గ్రామీణాభివృద్ధికి పంపేశారు. ప్రమోషన్ ఇచ్చి పక్కకు జరపడం మన ఆఫీసుల్లో చూడనిదా? అలాంటి మంత్రి మళ్లీ రాలేదంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

అక్షరం పట్టు: నిషేధం కాదు. 2010 ఫిబ్రవరి 9న ప్రకటించింది మారటోరియం, అంటే నిలిపివేత. దిద్దండి.

భూపాలపల్లి షిఫ్టు: అడవి చిక్కగా ఉన్నచోట బొగ్గు తవ్వొద్దని 'నో గో' గీతలు గీసిందీ ఆయనే. మా దిక్కు కొత్త గనులు రాకపోవడానికి అదే కారణం. మా తమ్ముడు ఇంకా కాంట్రాక్టు కార్మికుడే.

హన్మకొండ చౌరస్తా: అన్నా, ఆ లెక్క వేసింది తొమ్మిది బొగ్గు క్షేత్రాలకు. తాల్చేరు, సింగ్రౌలి, హస్దేవ్ అరణ్యం లాంటివి. సింగరేణి అందులో లేనే లేదు. పేరు దగ్గరగా ఉందని సింగ్రౌలిని సింగరేణి చేస్తే ఎట్లా?

భూపాలపల్లి షిఫ్టు: పేరేదైనా మా తమ్ముడు పర్మనెంట్ కాలేదు.

పరకాల పత్తి: హస్దేవ్ పేరు నువ్వే ఎత్తావు కాబట్టి అడుగుతున్నా. ఛత్తీస్‌గఢ్‌లోని ఆ అడవిలో గనులు వద్దని అటవీ సలహా కమిటీ చెప్పినా 2011 జూన్‌లో సరే అన్నది ఎవరు? మీ జైరామే. 2014లో ఆ అనుమతిని కొట్టేసింది ఎవరు? ఆయన తెచ్చిన చట్టంతో పుట్టిన ట్రైబ్యునలే! ఒడిశాలో పోస్కో ఉక్కు ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చాడు, మహారాష్ట్రలో జైతాపూర్ అణువిద్యుత్తుకు ఇచ్చాడు, పోలవరానికి 2010 జులైలో అటవీ అనుమతి ఇచ్చాడు. అప్పుడాయన మన ఉమ్మడి రాష్ట్రం నుంచే రాజ్యసభ సభ్యుడు.

భద్రకాళి బండ్: పోలవరం అన్నారు, ఏడు మండలాలు గుర్తొచ్చాయి. ఇక ఈ రాత్రి నిద్ర పట్టదు.

హన్మకొండ చౌరస్తా: ఏడు మండలాలు ఆంధ్రకు పోయింది 2014లో, వేరే ప్రభుత్వంలో. సంతకాల సంగతి ఒప్పుకుంటా. కానీ వంకాయ చూడండి. జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ 2009 అక్టోబరులోనే పచ్చజెండా ఊపింది. అయినా హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో విచారణలు పెట్టి, రెండు పక్షాల తిట్లూ తిని, అప్పుడు ఆపాడు. మా బాపు 1997లో పత్తికి పురుగు పడితే మందు మీద మందు కొట్టాడు. దుకాణం అప్పు తీర్చడానికి మూడెకరాల్లో ఒకటి అమ్మాడు. పంపు పట్టీ ఒరిసిన మచ్చ ఆయన భుజం మీద చివరిదాకా ఉంది. ఆగి చూద్దాం అనేవాడు ఒక్కడుంటే ఎంత బాగుండేదో.

పరకాల పత్తి: మీ బాపును ముంచింది మందుల అప్పు. ఆ మందు తగ్గుతుందనేగా 2002లో బీటీ పత్తి వచ్చింది? నువ్వు చెప్పిన కథ నా వాదనకే పనికొస్తుంది. బంగ్లాదేశ్‌లో 2014 నుంచి బీటీ వంకాయ వేస్తున్నారు.

హన్మకొండ చౌరస్తా: ఇప్పుడు గులాబీ పురుగు బీటీ పత్తిలో రెండో తరం బీజీ-2ను కూడా తింటోంది. ఇంతగా వెనకేసుకొస్తున్నావు, కంపెనీ మనిషివా ఏంటి?

పరకాల పత్తి: కంపెనీ మనిషినా? నిరుడు ఏడెకరాలు కౌలుకు చేశా. వాన తెరిపి ఇయ్యలేదు, గుంటుక తోలే సందు లేదు, గడ్డి మోకాలెత్తు. కూలీలు దొరకరు, దొరికితే ఆటో కిరాయి కూడా మనదే. మా అవ్వకు అరవై దాటాయి. పొద్దంతా సాళ్ల వెంట వంగి కలుపు తీస్తే రాత్రికి వేళ్లు ముడుచుకోవు, ముద్ద కలపలేదు. అందుకే ఈ ఏడు రెండెకరాల్లో బీజీ-3 వేశా, గడ్డి మందు కొట్టినా చావని పత్తి. అనుమతి లేని విత్తనం. బిల్లు లేదు, ప్యాకెట్ మీద పేరు లేదు. సగం మొలవలేదు. ఎవరిని అడగాలి? ఢిల్లీలో ఆపితే ఆగలేదు, చీకట్లో మా ఊరికి వచ్చింది.

హన్మకొండ చౌరస్తా: దొంగ విత్తనం నువ్వు కొని తిట్లు ఆయనకా తమ్మీ? ఆ మందు నీళ్లలో కలిస్తే మా బావి ఏం కావాలి?

పరకాల పత్తి: నువ్వు సేద్యం చేస్తున్నావా?

హన్మకొండ చౌరస్తా: ఉద్యోగం. భూమి కౌలుకిచ్చా.

పరకాల పత్తి: అట్లా చెప్పు. కౌలు ముందే లెక్కపెట్టి తీసుకుంటావు. రైతుబంధు నీ ఖాతాలో పడింది. చేను మునిగినా ఎండినా నీకు ఒకటే. 'ఆగి చూద్దాం' అంటే నీకేం పోతుంది? ఆగిన ఏడాది కలుపు కూలి ఎవడు కట్టాలి?

హన్మకొండ చౌరస్తా: భూమి చెడితే కౌలుదారు ఇంకో చేను చూసుకుంటాడు. ఆ మట్టి నాకూ నా పిల్లలకూ మిగులుతుంది. గడ్డి మందు విత్తనం వేయనని రాసిస్తేనే ఇస్తానని మా కౌలుదారుకు చెప్పా, రాసిచ్చాడు.

పరకాల పత్తి: కాగితం రాయించుకోవడం వచ్చన్నమాట. కౌలుకిచ్చానని నువ్వేమైనా రాసిచ్చావా?

హన్మకొండ చౌరస్తా: అది వేరే విషయం.

అక్షరం పట్టు: మొదటి పోస్టులో 'నిషేధించాడు' ఇంకా అట్లనే ఉంది.

హన్మకొండ చౌరస్తా: దిద్దుతా. నిలిపివేత.

పరకాల పత్తి: కాగితం సంగతి?