పోర్చుగల్: వలసపోయిన వారి దేశం అప్పుల నుంచి ఎలా గట్టెక్కింది?

ప్రశ్న: హనుమకొండ అధ్యాపకురాలు

అందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థులకు ఐరోపా దేశాల ఆర్థిక వ్యవస్థల గురించి పాఠం తయారు చేస్తూ పోర్చుగల్ దగ్గర ఆగిపోయాను. దాని విస్తీర్ణం దాదాపు 92 వేల చదరపు కిలోమీటర్లు, అంటే 1 లక్షా 12 వేల చదరపు కిలోమీటర్ల మన తెలంగాణ కన్నా చిన్నది. 2011 లెక్కల్లో మన రాష్ట్ర జనాభా మూడున్నర కోట్లు ఉండగా, 2021 లెక్కల్లో ఆ దేశ జనాభా 1 కోటి 3 లక్షలు మాత్రమే. పైగా పదేళ్లలో అది రెండు శాతం తగ్గింది. ఇంత తక్కువ మందికి ఇంత నేల, పొడవైన సముద్రతీరం ఉన్నా అక్కడి వారు తరతరాలుగా బతుకుదెరువు కోసం పరాయి దేశాలకు వెళ్తూనే ఉన్నారు. మరోవైపు 2011లో అప్పు కోసం చేయి చాచిన ప్రభుత్వమే 2023లో మిగులు బడ్జెట్ చూపింది. ఇవి రెండూ ఒకే దేశంలో ఎలా సాధ్యమయ్యాయి? అధ్యక్షుడు, ప్రధానమంత్రి ఇద్దరికీ నిజమైన అధికారాలున్న వారి పాలనా విధానానికి ఇందులో పాత్ర ఉందా? పాఠ్యపుస్తకం ఒక్క పేరాతో సరిపెట్టింది కనుక, తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: జగిత్యాల వాసి

మేడం, ముందు జనాభా సంగతి చూస్తే మిగతావి అర్థమవుతాయని నా అభిప్రాయం. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉండే ప్రాంతం నుంచి రాస్తున్నాను కాబట్టి ఈ విషయాన్ని చాలాకాలంగా శ్రద్ధగా చదువుతున్నాను.

1932లో ప్రధానమంత్రి అయిన సలజార్ 1968 వరకు నిరంకుశంగా పాలించాడు. ఆయన నెలకొల్పిన వ్యవస్థ 1974 దాకా సాగింది. పల్లెల్లో పేదరికం తీవ్రంగా ఉండగా, 1961లో ఆఫ్రికాలో తన ఏలుబడిలో ఉన్న అంగోలాను నిలుపుకోవడానికి పోర్చుగల్ మొదలుపెట్టిన యుద్ధం, అలాగే తన పాలనలోని గినియా-బిస్సావు, మొజాంబిక్‌లకూ పాకింది. అటు పేదరికాన్ని, ఇటు నిర్బంధ సైనిక సేవను తప్పించుకోవడానికి యువకులు స్పెయిన్ మీదుగా, పిరనీస్ పర్వతాలు దాటి, అనుమతి పత్రాలు లేకుండానే ఫ్రాన్స్ చేరేవారు. 1960 నుంచి 1974 మధ్య పది లక్షల మందికి పైగా వెళ్లిపోయారు. అందుకే 1970 నాటి జనాభా 1960 నాటి కన్నా తక్కువగా నమోదైంది. ఎవరిని వెళ్లనివ్వకూడదని ప్రభుత్వం అనుకుందో, వారు పంపిన డబ్బే దేశానికి విదేశీ మారకంగా అక్కరకు వచ్చింది.

1974 ఏప్రిల్ 25న సైనికాధికారుల తిరుగుబాటుతో ఆ పాలన కూలింది. మరుసటి ఏడాది అంగోలా, మొజాంబిక్ స్వతంత్రమయ్యాయి. అక్కడ స్థిరపడిన పోర్చుగీసు వారు ఐదు లక్షలకు పైగా కొద్దికాలంలోనే తిరిగి వచ్చారు. కోటి మంది లేని దేశం అంతమందిని ఎలా ఇముడ్చుకుందన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే విషయం.

లోపలి ప్రాంతాలు మాత్రం కోలుకోలేదు. ఈశాన్యాన త్రాస్-ఉస్-మోంటెస్‌లో, దక్షిణాన అలెంతేజులో ఊళ్లు పలచబడ్డాయి; జనమంతా లిస్బన్, పోర్టో చుట్టూ, సముద్రతీరం వెంట చేరారు. 2021 లెక్కల ప్రకారం పదిహేనేళ్ల లోపు పిల్లలు వందమంది ఉంటే, అరవై అయిదేళ్లు దాటినవారు 182 మంది.

నేను ముఖ్యంగా చెప్పదలచింది మరొకటి ఉంది. వెళ్లినవారిని ఆ దేశం ఓటర్లుగా వదులుకోలేదు. వారి పార్లమెంటులోని 230 స్థానాల్లో నాలుగు విదేశాల్లోని పౌరులవే: రెండు ఐరోపాలో ఉన్నవారికి, రెండు ఇతర ఖండాల్లో ఉన్నవారికి. వారు తపాలా ద్వారా ఓటు వేయవచ్చు. 2025 మే ఎన్నికల్లో దేశంలోని ఓట్లు లెక్కించాక సోషలిస్టులకు, షేగా అనే తీవ్ర మితవాద పక్షానికి చెరి 58 స్థానాలు వచ్చాయి. విదేశీ ఓట్ల లెక్కింపులో షేగాకు మరో రెండు స్థానాలు రావడంతో ఆ పక్షమే ప్రధాన ప్రతిపక్షమైంది. ఆ ఫలితం ఎవరికి నచ్చినా నచ్చకపోయినా, వలస కార్మికుడి ఓటుకు ఉన్న బలం అందులో కనిపిస్తుంది. మన దేశంలో ప్రవాసులు 2010 చట్ట సవరణతో ఓటరుగా నమోదు కావచ్చు గానీ, స్వయంగా వచ్చి ఓటు వేయాలి. దుబాయిలో కూలి చేసుకునే మనిషికి అది అయ్యే పని కాదు. ఈ విషయంలో మనం పోర్చుగల్‌ను గట్టిగా ఉదహరించాలి.

జవాబు: కాజీపేట విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంతలో జవాబు రాస్తాను. 1976 రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుణ్ణి ప్రజలు నేరుగా ఐదేళ్లకు ఎన్నుకుంటారు; వరుసగా రెండు దఫాలకు మించి ఉండరాదు. రోజువారీ పాలన ప్రధానమంత్రిదే. కానీ అధ్యక్షుడు చట్టాన్ని తిప్పి పంపగలడు, సంతకానికి ముందే రాజ్యాంగ న్యాయస్థానం పరిశీలనకు నివేదించగలడు, పార్లమెంటును రద్దు చేయగలడు. అయితే పార్లమెంటు ఎన్నికైన తొలి ఆరు నెలల్లో గానీ, తన పదవీకాలం చివరి ఆరు నెలల్లో గానీ రద్దు చేయరాదని రాజ్యాంగమే కట్టడి పెట్టింది.

వచ్చిన ఓట్ల నిష్పత్తిలో స్థానాలు దక్కే దామాషా పద్ధతి వల్ల ఒకే పక్షానికి పూర్తి ఆధిక్యం రావడం అరుదు. కొత్త ప్రభుత్వం విశ్వాస ఓటు గెలవనక్కరలేదు. తన కార్యక్రమాన్ని సభ తిరస్కరించకుండా ఉంటే చాలు. 2015లో ప్రధానమంత్రి పస్సుస్ కొయెల్యు కొత్త ప్రభుత్వ కార్యక్రమాన్ని వామపక్షాలన్నీ కలిసి తిరస్కరించడంతో అది పదకొండు రోజులకే పడిపోయింది. ఎన్నికల్లో రెండో స్థానంలో నిలిచిన సోషలిస్టుల నాయకుడు అంతోనియు కోస్తా, కమ్యూనిస్టులు, ఇతర వామపక్షాల మద్దతుతో ప్రధానమంత్రి అయ్యాడు. ఎక్కువకాలం నిలవదని చాలామంది భావించిన ఆ ఏర్పాటు నాలుగేళ్లూ నడిచింది.

ఆర్థిక సంక్షోభంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచినది న్యాయస్థానం పాత్ర. అక్కడ జీతాన్ని ఏడాదికి పద్నాలుగు వాయిదాలుగా ఇస్తారు. 2011లో తీసుకున్న అప్పు షరతుల కింద ప్రభుత్వం తన ఉద్యోగులకు, పింఛనుదారులకు వాటిలో రెండు వాయిదాలను నిలిపివేసింది. భారమంతా ఒక్క వర్గంపైనే మోపడం సమానత్వ సూత్రానికి విరుద్ధమని 2012 జులైలో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. కానీ బడ్జెట్ సంవత్సరం సగం గడిచిందని ఆ ఏడాదికి మాత్రం తీర్పును వర్తింపజేయలేదు. దాంతో ప్రభుత్వం 2013లో అందరిపైనా ఆదాయపు పన్ను భారీగా పెంచింది. నేను పింఛనుపై బతికేవాడిని కాబట్టి ఆ తీర్పును ప్రత్యేక శ్రద్ధతో చదివాను. భారం తగ్గకపోయినా, అందరికీ పంచబడింది.

తెలంగాణ వారికి ఆసక్తి కలిగించే సంగతి ఇంకొకటి. అజోర్స్, మదీరా దీవులకు సొంత శాసనసభలు ఉన్నాయి. ప్రధాన భూభాగంలోనూ ప్రాంతీయ పాలనా మండలాలు ఏర్పాటు చేయాలని రాజ్యాంగం చెబుతున్నా, 1998 నవంబరు ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసినవారిలో ఎక్కువమంది వద్దన్నారు. లోపలి ప్రాంతాలు వెనుకబడటానికి అధికారమంతా లిస్బన్‌లో పోగుపడటం ఒక కారణమని నేను నమ్ముతాను.

హనుమకొండ అధ్యాపకురాలు

ధన్యవాదాలు సార్, తీర్పు సంగతి నాకు కొత్త. అయితే జీతాల కోత, పన్నుల పెంపుతోనే ఏ దేశమూ మిగులులోకి రాదు కదా? ఆదాయం ఎక్కడి నుంచి వచ్చింది? ఉత్తర పోర్చుగల్ బట్టల మిల్లుల గురించి ఎవరైనా రాస్తే మన వరంగల్ విద్యార్థులకు బాగా ఉపయోగపడుతుంది.

జవాబు: వరంగల్ మిల్లు కార్మికుని కుమారుడు

ఆజంజాహి మిల్లు మూతపడిన ఊరివాణ్ణి కనుక ఈ భాగం నేను రాస్తాను. పోర్చుగల్ 1986 జనవరి 1న, నేటి ఐరోపా సమాఖ్యకు పూర్వరూపమైన ఐరోపా ఆర్థిక సమాజంలో చేరింది. రోడ్లకు నిధులు, సరుకుకు పెద్ద మార్కెట్ దొరికాయి. గిమరాయిష్, ఫమలికావు పట్టణాలున్న ఆవె నదీలోయలో తక్కువ కూలితో నడిచే మిల్లులు బాగా సాగాయి. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడం, 2004లో తూర్పు ఐరోపా దేశాలు కూటమిలోకి రావడం, 2005లో బట్టల దిగుమతి కోటాలు ఎత్తివేయడంతో దెబ్బ మీద దెబ్బ తగిలింది. అప్పటికే యూరోలో చేరినందున సొంత కరెన్సీ విలువ తగ్గించి ఎగుమతులు పెంచుకునే దారి లేదు. యూరో వల్ల చౌకగా దొరికిన అప్పులు మాత్రం పెరుగుతూ పోయాయి. 2011లో ఐరోపా సమాఖ్య, అంతర్జాతీయ ద్రవ్యనిధి కలిసి 7,800 కోట్ల యూరోల రుణం మంజూరు చేశాయి. 2014 మేలో ఆ కార్యక్రమం ముగిసింది.

ఎన్నో మిల్లులు పోయాయి. మిగిలినవి చైనాతో ధరలో పోటీపడటం మానేసి, ఐరోపా దుకాణాలకు చిన్న చిన్న ఆర్డర్లను మంచి నాణ్యతతో, త్వరగా అందించే పనికి మళ్లాయి. మన మెగా టెక్స్‌టైల్ పార్కును తలచుకున్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇదే: చౌక కూలి ఒక్కదాన్నే నమ్ముకుంటే, అంతకన్నా చౌకగా చేసేవాడు ఎక్కడో ఒకచోట ఉంటాడు.

2010లో దేశ ఆదాయంలో దాదాపు 30 శాతం ఉన్న ఎగుమతులు ఆ దశాబ్దం ముగిసేలోపే 40 శాతం దాటాయి. అందులో పర్యాటకానిది పెద్ద వాటా. పల్మెలాలోని ఫోక్స్‌వాగన్ కార్ల కర్మాగారం 1995 నుంచి నడుస్తోంది. సీసా మూతలకు వాడే బెండులో ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు సగం పోర్చుగల్‌దే; అందులో ఎక్కువ భాగం అలెంతేజు తోటల నుంచి వస్తుంది. బెండునిచ్చే చెట్టు బెరడును తొమ్మిదేళ్లకు ఒకసారి మాత్రమే ఒలుస్తారు. 2012 తరువాత ఐరోపా కేంద్ర బ్యాంకు అండతో వడ్డీలు తగ్గడం కూడా పెద్ద ఊరట. జాతీయోత్పత్తిలో 130 శాతం దాటిన ప్రభుత్వ అప్పు 2023లో వంద శాతం కిందికి దిగింది. కానీ లిస్బన్‌లో ఇళ్ల అద్దెలు సామాన్యుడికి అందకుండా పోయాయి, 2025లో కనీస వేతనం నెలకు 870 యూరోలే. చదువుకున్న యువత ఇంకా వెళ్లిపోవడానికి అదే కారణం.

జవాబు: నిర్మల్ పాఠకుడు

ఒక్క హెచ్చరిక చేయడానికే రాస్తున్నాను. పనిచేసే వయసువారు తగ్గిన ఆ దేశం ఇప్పుడు బయటివారిని రప్పించుకుంటోంది. 2023 చివరికి అక్కడి విదేశీయులు పది లక్షలు దాటారు. నైరుతి తీరంలోని ఒదెమిరా బెర్రీ పండ్ల తోటల్లో మన ఉపఖండం వారు ఎందరో కూలి పని చేస్తున్నారు. పర్యాటక వీసాపై వెళ్లి, పని దొరికాక నివాస అనుమతికి దరఖాస్తు చేసుకునే వెసులుబాటు పూర్వం ఉండేది. 2024 జూన్‌లో దాన్ని ఎత్తివేశారు. ఆ పాత దారినే చూపి లక్షలు అడిగే ఏజెంట్లను మన పిల్లలు నమ్మకూడదు. పని ఒప్పందం, దానికి తగిన వీసా ఇక్కడే చేతికి అందిన తరువాతే డబ్బు సంగతి మాట్లాడాలి.