అప్‌డేట్: చోడి (రాగి) అంబలి పులుపు, ఉండల సమస్య తీరింది

చోడి పిండి రాత్రి కలిపి పెడితే పొద్దుటికి మరీ పుల్లగా అయిపోతోందని, కాచేటప్పుడు ఉండలు కడుతోందని అడిగాను. రెండూ సర్దుకున్నాయి.

పులుపుకి కారణం మా విశాఖలో ఉక్కపోతే. ఎండాకాలంలో 10 గంటలు ఉంచితే ఎక్కువే, 6 చాలు. చలికాలంలో 10 నుంచి 12 పడుతుంది. సన్నని బుడగలు, తేలికపాటి పులుపు వాసన వస్తే పులిసినట్టే. బూజు కనిపిస్తే మాత్రం మొత్తం పారబోయాలి, పైపైన తీసేస్తే కుదరదు.

ఇద్దరికి కొలత: 50 గ్రాముల పిండి, కలపడానికి ఒక గ్లాసు చన్నీళ్లు. పొడిపిండి మరిగే నీళ్లలో పోస్తే పైపొర ఉడికి లోపల పిండి అలాగే ఉండిపోతుంది, ఉండలంటే అవే. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్లలో గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, మంట తగ్గించి, పులిసిన పిండి సన్నధారగా పోస్తూ కలపాలి. పచ్చివాసన పోవడానికి 8 నిమిషాలు. అంబలి పూర్తిగా చల్లారాకే మజ్జిగ పోయాలి, వేడిలో పోస్తే విరుగుతుంది. ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు ఆఖర్న.

100 గ్రాముల చోళ్లలో కాల్షియం దాదాపు 350 మిల్లీగ్రాములు. పులియబెడితే ఫైటేట్లు (ఇనుముని ఒంటికి పట్టనివ్వని పదార్థాలు) తగ్గి, ఇనుము బాగా ఒంటికి పడుతుంది. వెంటనే టీ తాగితే ఆ లాభం పోయినట్టే!

పల్చటి అంబలి త్వరగా అరుగుతుంది, షుగర్ ఉన్నవాళ్లకి దాంతో షుగర్ తొందరగా పెరగొచ్చు. ఒక గ్లాసుతో ఆపి, పక్కన ఉడికించిన శనగలు పెట్టుకోవడం మేలు. మందులు మాత్రం మానకూడదు.