‘ఎప్పుడొస్తివి?’ తప్పు తెలుగు కాదు

సీమవాళ్ళు ‘వచ్చావు’ అనకుండా ‘వస్తివి’ అంటారెందుకు, అది మొరటు మాటా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. చాలా ఏళ్ళ తర్వాత ఈ మధ్యే మా అనంతపురం పోయొచ్చాను. ఆ మాట ఇంకా చెవుల్లోనే ఉంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాత తెలుగులో వచ్చితిని, వచ్చితిమి, వచ్చితివి, వచ్చితిరి అనేవాళ్ళు. అవే నోట్లో నలిగి వస్తిని, వస్తిమి, వస్తివి, వస్తిరి అయ్యాయి. చేసితిని చేస్తిని అయింది. తింటిని, వింటిని, కంటిని మాత్రం చెక్కుచెదరలేదు, చివరి ‘ని’ ఒక్కటే అప్పుడప్పుడూ జారిపోతుంది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్య ‘ఇప్పుడిటు కలగంటి’ అని పాడింది 15వ శతాబ్దంలో. మా పాతూరులో ఉగ్గాని తిన్నావా అని అడిగితే ఇవాళ్టికీ ‘ఇప్పుడే తింటి’ అంటారు. ఆ ‘గంటి’, ఈ ‘తింటి’ ఒకే అచ్చులో పోసిన మాటలు. ఆ కీర్తనలోనే ‘అప్పడగు తిరువేంకటాద్రీశు గంటి’ అని ఉంది. అప్పడంటే తండ్రి. మేం ఎవరినైనా ‘ఏమప్పా’ అని పిలిచేదీ ఆ ‘అప్ప’తోనే.

‘వచ్చినాను’ కుదించుకుని వచ్చిన ‘వచ్చాను’ బడి పుస్తకాలకెక్కింది. దాంతో మా పిల్లలకు పద్యంలో ‘వచ్చితిని’ ఒప్పు, నోట్లో ‘వస్తిని’ తప్పు అయింది. ఇది నాకు అన్యాయమనే తోస్తుంది.

వ్యాకరణం కంటే నన్ను కదిలించింది ఇంకొకటి. టవర్‌క్లాక్ దగ్గర చిన్ననాటి దోస్తు కనబడి ‘ఎప్పుడొస్తిరి సార్?’ అన్నాడు. వస్తిరి! ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళం. ఏళ్ళు మా మధ్య పెట్టిన దూరమంతా ఆ ‘రి’లో ఉంది. ‘ఏందిరా, నేనేరా’ అన్నాక కాసేపు నా ముఖం చూసి, ‘ఎప్పుడొస్తివిరా? ఇంటికి రాకుండా పోతావా ఏమి?’ అని చెయ్యి పట్టుకున్నాడు. వాళ్ళమ్మ అయితే తలుపు తీస్తూనే ‘ఎప్పుడొస్తివి నాయనా, బాగుండావా?’ అనింది. ఆమెకు ‘రి’ తట్టనే లేదు. ‘నిన్న వస్తిని పెద్దమ్మా’ అన్నాను. బయటి ఊళ్ళలో ఇన్నేళ్ళూ అణిచిపెట్టుకున్న మాట, తడుముకోకుండా వచ్చేసింది.

ఇంకో సంగతి. ఈ ‘తి’ నాకు, నీకు, మనకు, మీకు మాత్రమే. వాడికి, వానకు రాదు. ‘వాడొచ్చె’, ‘వానొచ్చె’ అంటాం, అది పాత ‘వచ్చెను’. కడపలోనూ ఇంతే విన్నాను. ఆదోని, ఎమ్మిగనూరు వైపువాళ్ళు ఎవరైనా ఉంటే మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఎట్లా అంటారో, పిల్లలు ఇప్పుడు ఎట్లా అంటున్నారో రెండూ రాయండి.