సెకండ్ హ్యాండ్ ఈవీ: పేరొకటే, బండ్లు నాలుగు రకాలు

అందరికీ నమస్తే. గుంటూరు నుంచి బెంగళూరు వచ్చి రెండు నెలలైంది. ఇల్లు హూడిలో, ఆఫీసు బెళ్లందూరులో. వాడిన నెక్సాన్ ఈవీ (టాటా వాళ్ల ఎలక్ట్రిక్ కారు) కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నా. అన్నీ 2023వే, తిరిగిన కిలోమీటర్లూ దగ్గరదగ్గరే, కానీ రేట్లలో లక్షల తేడా. ఏ రేటు నమ్మాలి?

*

తమ్ముడూ, తేడా బ్యాటరీలో ఉంది. ‘2023 నెక్సాన్ ఈవీ’ అని కొడితే ప్రైమ్ వస్తుంది, మ్యాక్స్ కూడా వస్తుంది. ప్రైమ్ బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు (మన కరెంటు బిల్లులో యూనిట్లే అనుకోండి), మ్యాక్స్‌ది 40.5. ఆ ఏడాది సెప్టెంబరులో బండి రూపం మారింది, దాంట్లో మళ్లీ మీడియం రేంజ్ (చిన్న బ్యాటరీ), లాంగ్ రేంజ్ (పెద్దది). పెట్రోలు బండికి అలవాటైన ఫిల్టర్లు ఏడాది, కిలోమీటర్లు అడిగి ఊరుకుంటాయి. అందుకే ముందు వేరియంట్ పేరు అడగండి, చిన్న బ్యాటరీ వాటిని ఒక వరసలో, పెద్దవాటిని ఇంకో వరసలో రాసుకోండి. సగం తికమక అక్కడే తీరిపోతుంది.

ఓనరు తను కొన్నప్పటి బిల్లు చూపిస్తే చూసి పక్కన పెట్టేయండి. 2024 ఫిబ్రవరిలో టాటా వాళ్లు కొత్త నెక్సాన్ ఈవీ మీద రూ.1.2 లక్షల దాకా తగ్గించారు, ఆ ఏడాది పండగలకి ఇంకా తగ్గించారు. ఇవాళ షోరూములో కొత్తది ఆన్‌రోడ్ ఎంతో కనుక్కుని, దాన్నుంచి వెనక్కి లెక్కేయండి.

ఇంకోటి, అక్కడ కనిపించేది అడిగే రేటు, అమ్ముడుపోయిన రేటు కాదు. నేను కొనేముందు ఆరు బండ్లు సేవ్ చేసుకుని మూడు వారాలు ఊరికే చూశాను. రెండు బండ్లు వారంలోపే మాయమయ్యాయి, ఒకదాని రేటు రెండుసార్లు దిగింది. దిగిన బండి ఓనరుతో బేరం సులువు, ఫోన్ కూడా మొదటి రింగుకే ఎత్తుతాడు!

బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది. ఛాసిస్ నంబరు తీసుకుని సర్వీస్ సెంటర్‌లో అడగండి: ఎంత మిగిలింది, రెండో ఓనరుకి వర్తిస్తుందా, బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ ఇస్తారా అని. రిపోర్ట్ వద్దనే అమ్మకందారుకి నేనైతే దణ్ణం పెట్టేస్తాను.

*

అక్క చెప్పినదానికి రెండు ముక్కలు కలుపుతా. డీలర్ దగ్గరైతే 18 శాతం జీఎస్‌టీ అతని మార్జిన్ మీదే పడుతుంది, బండి మొత్తం రేటు మీద కాదు. నాకు ఒకాయన మొత్తం మీద వేసి చూపించాడు, లేచి వచ్చేశా. చౌకని హైదరాబాద్ బండి తెస్తే అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, 12 నెలలు దాటి ఇక్కడే ఉంచితే కర్ణాటక నంబరుకి మార్చాలి. నంబరు ప్లేటు కూడా చూడండి: ఆకుపచ్చ మీద తెల్ల అక్షరాలైతే సొంత బండి, పసుపు అక్షరాలైతే ట్యాక్సీ. అన్నట్టు, మీ అపార్ట్‌మెంట్ పార్కింగులో ఛార్జింగ్‌కి 15 యాంప్స్ సాకెట్ పెట్టనిస్తారా? అది తేలకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

*

థాంక్స్ అక్కా, అన్నా. సేవ్ చేసిన ఐదింటిలో మూడు ప్రైమ్‌లే అని ఇప్పుడే తెలిసింది. అన్నిటికంటే చౌకదానికి ఫొటోల్లో నంబరు ప్లేటు కప్పేశారు. ప్లేటు ఫొటో పంపమని మెసేజ్ పెట్టా, రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. సాకెట్ సంగతి ఆదివారం అసోసియేషన్ వాళ్లని అడుగుతా.